నెలసరి వస్తూనే ఉంటుంది, మార్పు మొదలైపోతుంది: పెరిమెనోపాజ్‌ను గుర్తించడమెలా?

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. ఛాతీ దగ్గర ఎక్కడో సెగ పుట్టి మెడ మీదుగా ముఖానికి ఎగబాకుతుంది. దుప్పటి తన్నేయక తప్పదు. రెండు మూడు నిమిషాల్లో సెగ చల్లారుతుంది గానీ అప్పటికే వీపంతా తడిసిపోయి ఉంటుంది. ఆ తడికి చలేసి మళ్లీ దుప్పటి లాక్కోవాలి. ఇక నిద్ర పట్టదు. పొద్దున లేస్తే ఒళ్లు బరువు, చిన్న మాటకే చిరాకు, బాగా తెలిసిన మనిషి పేరు కూడా నోటికి రాదు. వయసు నలభై నాలుగు. నెలసరి వస్తూనే ఉంది కాబట్టి ఇది మెనోపాజ్‌కు సంబంధించినదేమో అన్న ఆలోచనే రాదు. నిద్ర పట్టకపోతే ఒక డాక్టరు, గుండె దడకు ఇంకొకరు, కీళ్ల నొప్పులకు మరొకరు. నెలసరి ఎలా వస్తోందని వాళ్లు అడగరు, చెప్పాలని ఈమెకూ తోచదు.

ఇన్ని బాధలనూ ఒక తాటి మీదికి తెచ్చే పేరు పెరిమెనోపాజ్. గ్రీకులో ‘పెరి’ అంటే చుట్టూ అని. మెనోపాజ్‌కు తెలుగులో ముట్లుడగడం అనే మంచి మాట ఉంది. అయితే అది చివరి ఘట్టానికి పెట్టిన పేరు. అక్కడికి చేరే దారికి వాడుకలో విడిగా పేరు లేదు. ముట్లు ఆగితేనే ఏదో మొదలైనట్టు అనుకోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. నిజానికి ముట్లు ఆగేసరికి ఈ దశలోని ఒడిదుడుకుల్లో చాలా భాగం గడిచిపోయి ఉంటుంది.

వైద్యశాస్త్రం లెక్క ప్రకారం వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాన్ని బట్టి ఎక్కువమందికి ఇది 45, 55 ఏళ్ల మధ్య వస్తుంది. పొగతాగేవారికి ఒకటి రెండేళ్లు ముందే వస్తుంది. దానికి ముందు సాగే పెరిమెనోపాజ్ సగటున నాలుగేళ్లు ఉంటుంది. కొందరికి ఏడాది రెండేళ్లలో ముగుస్తుంది, కొందరిని ఎనిమిది పదేళ్లు పట్టి పీడిస్తుంది. నలభైల మధ్యలో మొదలవడం మామూలు. ముప్పైల చివర్లోనే తొలి మార్పులు కనిపించేవాళ్లూ ఉన్నారు.

అండాశయంలో జరిగేదేమిటి?

హార్మోన్లు దీపంలో నూనెలా మెల్లమెల్లగా తగ్గిపోతాయని చాలామంది ఊహించుకుంటారు. ఆ ఊహ దగ్గరే పొరపాటు మొదలవుతుంది. ఆడపిల్ల పుట్టేటప్పుడు అండాశయాల్లో అండాలుండే చిన్న తిత్తులు పది నుంచి ఇరవై లక్షలు ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి అవి మూడు నాలుగు లక్షలకు తగ్గుతాయి. మెనోపాజ్ నాటికి మిగిలేవి వెయ్యి దాకా మాత్రమే. నిల్వ అడుగంటుతున్న కొద్దీ అండాశయం నుంచి మెదడుకు వెళ్లే సంకేతాలు బలహీనపడతాయి. అప్పుడు మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్‌ను ఎక్కువగా వదిలి అండాశయాన్ని గట్టిగా తరుముతుంది. ఆ తరుముడికి అండాశయం ఒక నెల పలకదు. ఇంకో నెల ఒక్కసారిగా స్పందించి, ఇరవైల వయసులో కంటే కూడా ఎక్కువగా ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ను విడుదల చేస్తుంది.

అంటే ఈ దశలో ఈస్ట్రోజెన్ తగ్గడం కంటే దాని ఊగిసలాటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అది పెరిగిన వారాల్లో రొమ్ముల్లో సలుపు, రక్తస్రావం ఎక్కువ కావడం ఉంటాయి. పడిపోయిన వారాల్లో వేడి ఆవిర్లు, నిద్రలేమి మొదలవుతాయి. ఒకే మనిషికి ఒకే నెలలో ఈ రెండూ ఎదురైతే అది ఆమె భ్రమ కాదు. ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ కథ వేరు. అండం విడుదలయ్యాకే అది తగినంతగా తయారవుతుంది. అండం విడుదల కాని నెలలు పెరిగేకొద్దీ ప్రొజెస్టెరాన్ తగ్గిపోతుంది. గర్భసంచి లోపలి పొరను పెంచేది ఈస్ట్రోజెన్, ఆ పెరుగుదలకు కళ్లెం వేసేది ప్రొజెస్టెరాన్. కళ్లెం లేక మందంగా పెరిగిన పొర ఆలస్యంగా, ఒక్కసారిగా ఊడిపోతుంది. రెండు నెలలు రాకుండా మూడో నెల వరదలా రావడానికి కారణం ఇదే.

రక్తపరీక్ష కంటే క్యాలెండరు నయం

హార్మోన్లు ఇలా ఊగుతున్నప్పుడు ఒక్క రోజు తీసిన రక్తం ఏం చెబుతుంది? ఈ వారం ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా కనిపించి, వచ్చే నెల మామూలుగా ఉండవచ్చు. ‘రిపోర్టు నార్మల్, నీకేం లేదు’ అని ఇంటికి పంపేస్తే బాధ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే 45 ఏళ్లు దాటిన స్త్రీలో లక్షణాలు, నెలసరి తీరు చూసే పెరిమెనోపాజ్‌ను నిర్ధారించాలని, అందుకోసం హార్మోన్ పరీక్షలు అక్కర్లేదని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2015లో వెలువరించిన మార్గదర్శకాలు చెప్పాయి. నలభైకి ముందే నెలసరి గతి తప్పితే మాత్రం పరీక్షలు తప్పనిసరి. అండాశయాలు అకాలంగా దెబ్బతినడం వేరే సమస్య. దాన్ని పెరిమెనోపాజ్ అని కొట్టిపారేస్తే ఎముకలకు, గుండెకు ముందుముందు ముప్పు. 40, 45 మధ్య వయసువారిలోనూ పరీక్షలు ఉపయోగపడతాయి.

మిగిలినవారికి ఒక చిన్న నోటుబుక్కు చాలు. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి మొదటి రోజుకు ఎన్ని రోజులో రాసుకుంటూ పోవాలి. ఒక పేజీలో 28, 27, 29, 28 అని ఉండి, తర్వాతి పేజీలో 28, 37, 25, 34 అని కనిపించిందనుకుందాం. ఏ ఒక్క అంకెనూ విడిగా చూస్తే కంగారు పడాల్సిందేమీ లేదు. 25 రోజులకు రావడమూ, 34 రోజులకు రావడమూ మామూలు హద్దుల్లోనివే. పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు విషయం బయటపడుతుంది. 2001లో రూపొందించి 2011లో సవరించిన, ముట్లుడిగే దశలను విభజించి చెప్పే ‘స్ట్రా’ కొలమానం పట్టుకునేది కూడా దీన్నే. పక్కపక్క నెలసరుల మధ్య తేడా ఏడు రోజులు, అంతకు మించి తరచూ కనబడుతుంటే పెరిమెనోపాజ్ తొలి దశ. 60 రోజులు, ఆపైన నెలసరి రాని సందర్భం ఎదురైతే మలిదశ. ఆ మలిదశ సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లు ఉంటుంది.

తేదీలతోపాటు ఆ రోజు నిద్ర ఎలా పట్టింది, ఎన్నిసార్లు ఒళ్లు సెగలు కక్కింది, ఎన్ని ప్యాడ్లు మార్చాల్సి వచ్చింది, మనసు ఎలా ఉంది అన్నవి ఒక్కో ముక్కలో రాసుకుంటే మూడు నెలల్లో డాక్టరు ముందు పెట్టదగ్గ సాక్ష్యం తయారవుతుంది. పదినిమిషాల సంప్రదింపులో గుర్తు తెచ్చుకుని చెప్పేదాని కంటే అది ఎన్నో రెట్లు నమ్మదగింది. గర్భసంచి తీసేసినవారికి, హార్మోన్ ఉన్న లూప్ వేయించుకున్నవారికి, గర్భనిరోధక మాత్రలు వాడేవారికి నెలసరి తేదీల ఆధారం ఉండదు. వాళ్లు మిగతా లక్షణాల మీదే కన్నేసి ఉంచాలి. గర్భసంచి లేకపోయినా అండాశయాలు ఉన్నంత కాలం ఈ దశ తప్పదన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు.

వేడి ఆవిర్ల వెనక

మెదడులోని హైపోథాలమస్ ఒంటి వేడిని అదుపులో పెడుతుంది. చెమట పట్టించాల్సిన హద్దు ఒకటి, వణుకు పుట్టించాల్సిన హద్దు ఒకటి అక్కడ ఉంటాయి. మామూలుగా వాటి నడుమ కొంత వెసులుబాటు ఉంటుంది. ఈస్ట్రోజెన్ పడిపోయినప్పుడు న్యూరోకైనిన్-బి అనే రసాయనంతో పనిచేసే కొన్ని నాడీకణాలు అతిగా చురుకై ఆ వెసులుబాటును ఇరుకు చేస్తాయి. గదిలో వేడి పిసరంత పెరిగినా ఒళ్లు మండిపోతున్నట్టు మెదడు భావించి, చర్మంలోని రక్తనాళాలను తెరిచి, చెమట పట్టిస్తుంది. అవసరం లేకుండా చల్లబరచడంతో వెనువెంటనే చలి. తెల్లవారుజామున దుప్పటితో జరిగే పెనుగులాట అంతా ఇదే.

అమెరికాలో 1996లో మొదలై మూడువేల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన ‘స్వాన్’ అధ్యయనం ఈ విషయంలో పాత అంచనాలను మార్చేసింది. ఆవిర్లు ఏడాది రెండేళ్లలో పోతాయనే మాట వైద్యుల నోటా వినిపించేది. తరచూ ఆవిర్లు వచ్చేవారిలో అవి సుమారు 7.4 ఏళ్లు ఉంటాయని, నెలసరి వస్తుండగానే మొదలైనవారిలో 11 ఏళ్లు దాటుతాయని ఆ అధ్యయనం తేల్చింది. ‘కొన్నాళ్లు ఓర్చుకో’ అనే సలహాకు అర్థం ఎన్నాళ్లో ఇప్పుడు తెలిసింది. పదేళ్లు ఓర్చుకోమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు.

మిగిలిన లక్షణాలను తక్కువ చేయడానికి లేదు. నిద్ర చెడడానికి ఆవిర్లు ఒక్కటే కారణం కాదు, అవి లేకపోయినా నడిరాత్రి మెలకువలు వస్తాయి. ఏకాగ్రత కుదరకపోవడం, మాట అందకపోవడం చూసి డిమెన్షియా మొదలైందేమోనని హడలిపోయేవాళ్లున్నారు. ఈ మతిమరుపు చాలామందిలో ఈ దశ దాటాక తగ్గుతుంది. కీళ్లు పట్టేయడం, గుండె దడ, అంతకుముందు నుంచీ మైగ్రేన్ ఉన్నవారికి అది ముదరడం, యోని పొడిబారి కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో మంట కూడా ఉంటాయి. చివరి రెండూ సిగ్గుతో దాచుకునేవి. అందులోనూ ఆవిర్లు కాలంతో తగ్గుతాయి గానీ యోని పొడిబారడం చికిత్స లేకపోతే ఏటేటా పెరుగుతుంది.

దిగులు, ఆందోళన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మానసిక కుంగుబాటు ముప్పు ఈ దశలో ముందటి కంటే పెరుగుతుంది. గతంలో కుంగుబాటుకు లోనైనవారికి, కాన్పు తర్వాత గానీ నెలసరి ముందు గానీ మనసు బాగా చెదిరినవారికి ముప్పు మరింత ఎక్కువ. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే హార్మోన్ల సంగతి తర్వాత, అదే రోజు సాయం అందాలి.

‘ఈ వయసులో మామూలే’ అనే మాట

ఈ మాట రెండువైపులా నష్టం చేస్తుంది. చికిత్స ఉన్న బాధను భరించమంటుంది, అది ఒక నష్టం. వేరే జబ్బును కప్పిపెడుతుంది, అది ఇంకా పెద్దది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే చెమటలు, దడ, నిద్రలేమి వస్తాయి. తక్కువగా పనిచేస్తే నీరసం, బరువు పెరగడం, నెలసరిలో తేడాలు. రక్తహీనతలో ఆయాసం, దడ, మతిమరుపు. ఇవన్నీ పెరిమెనోపాజ్‌కు అచ్చుగుద్దినట్టు ఉంటాయి. కాబట్టి ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షకు పెట్టే డబ్బుతో థైరాయిడ్, రక్తకణాలు, ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్, షుగరు చూపించుకోవడం మేలు. నెలసరి ఆలస్యమైతే గర్భపరీక్ష కూడా చేసుకోవాలి. నలభై ఆరేళ్లకు గర్భమేమిటని నవ్వేయకూడదు. దడతోపాటు ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే గుండెను పరీక్షించాల్సిందే.

అన్నిటికంటే ఎక్కువగా చిన్నచూపుకు గురయ్యేది రక్తస్రావం. ముట్లుడిగే ముందు ఎక్కువగా పోవడం సహజమనే నమ్మకం ఎంత బలమైందంటే, హిమోగ్లోబిన్ సగానికి పడిపోయి మెట్లెక్కలేని స్థితి వచ్చాక గానీ కొందరు ఆసుపత్రికి రారు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తున్నా, అంగుళం మించిన గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటి సాగుతున్నా అది సహించాల్సిన విషయం కాదు. నెలసరుల మధ్యలో, కలయిక తర్వాత రక్తం కనిపించినా అంతే. గర్భసంచిలో పెరిగే ఫైబ్రాయిడ్లు, పాలిప్‌లు అనే గడ్డలు గానీ, లోపలి పొర గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోయే అడినోమయోసిస్ గానీ ఉండవచ్చు. గర్భసంచి లోపలి పొర అదుపు తప్పి పెరిగి క్యాన్సర్ దిశగా మారుతూ ఉండవచ్చు. అందుకే 45 దాటినవారిలో అసహజ రక్తస్రావం ఉంటే స్కానింగ్‌తో ఆగకుండా లోపలి పొర ముక్కను బయాప్సీకి పంపమంటారు. అది చాలావరకు ఆపరేషన్ అక్కర్లేకుండా, ఓపీలోనే అయిపోయే పరీక్ష.

కారణం తేలాక దారులు చాలానే ఉన్నాయి. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రక్తం పోయే రోజుల్లో మాత్రమే వేసుకుంటారు. లెవోనార్జెస్ట్రెల్ హార్మోన్ ఉన్న లూప్ ఈ దశకు అతికినట్టు సరిపోతుంది. రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది, గర్భం రాకుండా చూస్తుంది, ఈస్ట్రోజెన్ చికిత్స తీసుకుంటే గర్భసంచికి రక్షణగా కూడా ఉంటుంది. ఇవన్నీ ప్రయత్నించకుండా, క్యాన్సర్ వంటి జబ్బేదీ లేకుండా, గర్భసంచి తీసేయడమే మొదటి మాటగా చెబితే ఇంకో డాక్టరు అభిప్రాయం అడగడంలో తప్పు లేదు.

హార్మోన్ చికిత్స మీద భయం ఎక్కడిది?

2002 జులైలో అమెరికాలో ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అనే భారీ పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో ప్రతి పదివేల మందికి ఏడాదికి ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. ఆ వార్తతో ప్రపంచమంతటా లక్షల మంది ఒక్కసారిగా హార్మోన్లు మానేశారు. ఆ పరిశోధనలో పాల్గొన్నవారి సగటు వయసు 63 అన్న సంగతి మాత్రం జనానికి చేరలేదు. నలభై ఏడేళ్ల స్త్రీ ఆవిర్లకు వాడే మందును, మెనోపాజ్ దాటి పదేళ్లయినవారి ఫలితాలతో తూచారు. తర్వాతి ఏళ్లలో అదే సమాచారాన్ని వయసుల వారీగా విడదీసి చూశాక అభిప్రాయం మారింది. 60 ఏళ్లలోపు, లేదా మెనోపాజ్ వచ్చి పదేళ్లు దాటనివారిలో, ఇబ్బంది పెట్టే లక్షణాలుండి, వేరే అడ్డంకులు లేకపోతే మేలే ఎక్కువని ఇప్పుడు ప్రధాన వైద్య సంఘాల మాట.

అడ్డంకులు అంటే రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉండడం, కారణం తేలని రక్తస్రావం, కాలి సిరల్లో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర, గుండెపోటు, పక్షవాతం, తీవ్రమైన కాలేయ జబ్బు. మాత్రగా మింగే ఈస్ట్రోజెన్ కంటే చర్మానికి అతికించే ప్యాచ్, రాసుకునే జెల్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఎన్నడూ వాడకూడదు. కళ్లెం కథ ఇక్కడా వర్తిస్తుంది, ప్రొజెస్టెరాన్ తోడు ఉండాలి. యోని పొడిబారడానికి వాడే ఈస్ట్రోజెన్ క్రీము సంగతి వేరు. రక్తంలోకి చాలా స్వల్పంగా చేరుతుంది కాబట్టి హార్మోన్ మాత్రలకున్న భయాలు దానికి అంటగట్టకూడదు.

హార్మోన్లు పనికిరానివారికి, వద్దనుకునేవారికి కూడా గట్టి ఆధారాలున్న మార్గాలున్నాయి. కుంగుబాటుకు వాడే వెన్లాఫాక్సిన్ వంటి మందులు తక్కువ మోతాదులో ఆవిర్లను తగ్గిస్తాయి. పారాక్సిటిన్ కూడా పనిచేస్తుంది గానీ రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ వాడుతున్నవారికి అది పనికిరాదు, టామాక్సిఫెన్ శక్తిని దెబ్బతీస్తుంది. రాత్రి చెమటలకు గాబాపెంటిన్ ఉంది. న్యూరోకైనిన్ దారిని నేరుగా అడ్డుకునే ఫెజోలినెటెంట్‌ను 2023 మేలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది, వాడేవారు కాలేయ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. సీబీటీ అనే మాటల చికిత్స ఆవిర్ల బాధను, నిద్రలేమిని తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. సోయా గుళికలు, బ్లాక్ కోహోష్ వంటి మూలికలకు అంతటి ఆధారాలు లేవు. ‘సహజం’ అని సీసా మీద రాసినంత మాత్రాన అవి కాలేయానికి, వాడుతున్న ఇతర మందులకు అడ్డురావని కాదు.

వ్యాయామం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. నడకతో ఆవిర్లు పోతాయని ఆశపెట్టి, పోకపోతే ‘సరిగా నడవలేదు’ అని నింద మోపడం జరుగుతోంది. ఆవిర్ల మీద వ్యాయామం ప్రభావం పెద్దగా కనబడలేదు. చేయాల్సింది అందుకు కాదు. చివరి నెలసరికి ఏడాది ముందు నుంచే ఎముకలు గుల్లబారే వేగం పెరుగుతుంది. చివరి నెలసరి వచ్చే ఏడాది చుట్టూ చెడు కొలెస్ట్రాల్ ఒక్కసారిగా పెరుగుతుంది. బరువులెత్తే వ్యాయామం ఎముకను, కండను నిలబెడుతుంది, నడక గుండెను కాపాడుతుంది. బీపీ, కొలెస్ట్రాల్, షుగరు క్రమం తప్పకుండా చూసుకోవడానికి ఇదే సమయం. పొగ మానేస్తే ఎముకలకు, గుండెకు, ఆవిర్లకు మూడింటికీ మేలు. గది చల్లగా ఉంచుకోవడం, పొరలు పొరలుగా బట్టలు వేసుకుని అవసరమైతే ఒకటి తీసేయడం, మద్యం తగ్గించడం వంటివి జబ్బును తగ్గించకపోయినా రోజును గడపనిస్తాయి.

చివరి నెలసరి అది వచ్చిన రోజున ఎవరికీ తెలియదు, ఏడాది గడిచాక వెనక్కి చూసి చెప్పుకోవాల్సిందే. పదకొండో నెలలో నెలసరి వస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఆ లెక్క పూర్తయ్యేదాకా గర్భం వచ్చే అవకాశం ఉంటుంది, హార్మోన్ చికిత్స దాన్ని ఆపదు. అందుకే యాభై దాటినవారు చివరి నెలసరి తర్వాత ఏడాదిపాటు, యాభైలోపువారు రెండేళ్లపాటు గర్భనిరోధకం కొనసాగించాలంటారు. పన్నెండు నెలలు నిండాక మళ్లీ ఎర్రటి చుక్క ఒక్కటి కనిపించినా, అది నెలసరి తిరిగి రావడం అనుకోవద్దు. ఎంత కొద్దిగా ఉన్నా, నొప్పి లేకపోయినా, అదే వారంలో డాక్టరుకు చూపించుకోవాలి.